టీచరమ్మ అడుగే సిలబస్

డాన్స్ గురించి పేపర్లో వార్త వచ్చిందంటే మామూలుగా అది జిల్లా పేజీలో ఓ మూల ఉంటుంది. ఫలానా చిన్నారి రంగప్రవేశం చేసింది, ముఖ్య అతిథులు అభినందించారు, పక్కన ఒక ఫొటో. 2023 నుంచి మాత్రం నాట్యం తరచూ మొదటి పేజీకి ఎక్కుతోంది. పిల్లలు బాగా ఆడినందుకు కాదు, నేర్పేవాళ్ళు ఎలా నడుచుకున్నారన్న దాని మీద!

మొదటిది చెన్నైలో జరిగింది. రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన కళాక్షేత్రంలో 2023 మార్చి 30న విద్యార్థులు క్లాసులు మానేసి ఆవరణలోనే బైఠాయించారు. లైంగిక వేధింపులు, ఒంటి తీరు మీద ఎగతాళి, నోటికొచ్చిన తిట్లు... ఇవీ వాళ్ళ ఆరోపణలు. అంతకు ముందు సంస్థ ఇవన్నీ పుకార్లని కొట్టిపారేసింది. రాష్ట్ర మహిళా కమిషన్ అధ్యక్షురాలు స్వయంగా వెళ్ళి పిల్లలతో మాట్లాడాక దాదాపు తొంభైమంది తమ గోడు రాసిచ్చారు. ఏప్రిల్ 3న ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని పోలీసులు అరెస్టు చేశారు. హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఆధ్వర్యంలో విచారణ కమిటీ వేశారు. దేశంలో నాట్యం నేర్చుకునే ప్రతి పిల్లా ఒక్కసారైనా చూడాలనుకునే చోటు అది. పార్లమెంటు చట్టం చేసి మరీ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించిన చోటు. అక్కడే పిల్లలు రోడ్డెక్కాల్సి వచ్చింది.

రెండోది 2024 మార్చిలో కేరళలో. ఒక సీనియర్ నాట్య గురువు ఇంటర్వ్యూలో పేరు చెప్పకుండా ఒక నర్తకుడి నల్లటి రంగు గురించి హేళనగా మాట్లాడారు. మోహినియాట్టం అందమైనవాళ్ళే ఆడాలన్నది ఆవిడ వాదన. ఆ మాటలు ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది. ఆయన ఆర్.ఎల్.వి. రామకృష్ణన్. మనకి 'జెమిని' సినిమాలో విలన్‌గా తెలిసిన కళాభవన్ మణికి తమ్ముడు. కేరళ అంతా ఆయన పక్షాన నిలబడింది. కేరళ కళామండలం ఆయనచేత ప్రదర్శన ఇప్పించడమే కాదు, మోహినియాట్టం కోర్సులో మగపిల్లల్ని కూడా చేర్చుకోవాలని ఆ ఏడాదే నిర్ణయించింది. 2025 జనవరిలో ఆయన అదే కళామండలంలో భరతనాట్యం అధ్యాపకుడిగా చేరారు.

మూడోది 2024 డిసెంబర్ 29న కొచ్చి స్టేడియంలో. 11,600 మంది ఒకేసారి భరతనాట్యం ఆడి గిన్నిస్ రికార్డు కొట్టాలని ఏర్పాటు. పిల్లల్ని కూడగట్టింది, డబ్బు వసూలు చేసి పంపింది ఎక్కువగా వాళ్ళ వాళ్ళ డాన్స్ టీచర్లే. ఆ రోజు ఉమా థామస్ అనే ఎమ్మెల్యే వేదిక మీద నుంచి దాదాపు పదిహేను అడుగుల కింద పడి తీవ్రంగా గాయపడ్డారు. ఆ తర్వాత డబ్బు లెక్కలు బయటికొచ్చాయి. ఒక్కో చీర మేం 390 రూపాయలకే ఇచ్చామని చీరలు సరఫరా చేసిన సంస్థ ప్రకటించింది. పిల్లల దగ్గర అదే చీరకి 1,600 తీసుకున్నారని తేలింది. పోలీసు కేసులు పెట్టారు.

ఒకటి వేధింపు, ఒకటి వర్ణవివక్ష, ఒకటి డబ్బు వ్యవహారం. ఒకదానికొకటి సంబంధం లేనట్టే ఉంటాయి. నాకు మాత్రం మూడూ ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. కారణం... నేను ఈ విజయదశమికి రాజమండ్రిలో సొంతంగా కూచిపూడి క్లాసు మొదలుపెట్టబోతున్నాను.

ఏడేళ్ళప్పుడు గజ్జె కట్టాను. డిగ్రీ, పెళ్ళి, పిల్లాడు, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం... మధ్యలో తొమ్మిదేళ్ళు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి నాలుగేళ్ళవుతోంది. అందులో మూడేళ్ళు మా టీచర్ గారి దగ్గర చిన్నపిల్లల బ్యాచికి సహాయకురాలిగా ఉన్నాను. ఇప్పుడు ఆవిడే 'ఇంక నువ్వు విడిగా పెట్టుకోమ్మా' అన్నారు. పెట్టుకోవడానికి ఏం కావాలి అని కనుక్కుంటే ఆశ్చర్యం వేసింది. ఏమీ అక్కర్లేదు! బడ్డీకొట్టు పెట్టుకోవాలన్నా మునిసిపాలిటీ వాళ్ళు ఒక కాగితం అడుగుతారు. తెలుగు విశ్వవిద్యాలయం సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు ఉన్నాయి గానీ అవి నాకు ఆడటం వచ్చునని చెప్తాయి. నలభైమంది పసిపిల్లల్ని నా చేతిలో పెట్టొచ్చో లేదో చెప్పవు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక చాప, ఒక బ్లూటూత్ స్పీకరు, గేటుకి ఒక ఫ్లెక్సీ... అంతే, టీచర్ తయారు. ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. తల్లిదండ్రులకి అడవు తప్పో ఒప్పో తెలియదు. మరి ఆ గదిలో ఏం జరుగుతుందన్న దానికి హద్దు ఎవరు? టీచరే. ఆవిడ రోజూ చేసి చూపించేదే.

ఎవరు చెప్పాలి పాఠం?

ఇవాళ మన ఊళ్ళల్లో డాన్స్ క్లాసు అంటే దాదాపుగా ఆడవాళ్ళు నడిపేదే. ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటాం. కానే కాదు. కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్ళే ఆడారు, మగవాళ్ళే నేర్పారు. సత్యభామ వేషమూ వాళ్ళదే. వేదాంతం సత్యనారాయణశర్మ గారు భామ వేషంలో జడ పట్టుకుని వస్తే ఆడవాళ్ళే ముక్కున వేలేసుకునేవాళ్ళని మా అమ్మమ్మ చెప్పేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు ఆడపిల్లలకి చెప్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆడపిల్లలు బారులు కట్టారు. ఆడటం మనకి వచ్చింది. మాస్టారి కుర్చీ రావడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఇంకోపక్క, ఆ కుర్చీ ముందే ఉండి పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారు. గోదావరి జిల్లాల కళావంతుల కుటుంబాల్లో పెద్దవాళ్ళు పిల్లలకి అభినయం చెప్పేవాళ్ళు. పదం ఎలా విప్పాలో, ఒక్క మాటకి పది రకాలుగా కన్ను ఎలా తిప్పాలో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చేసే ఆచారం పోవాలని 1947లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. ఆచారం పోవాల్సిందే, అందులో సందేహం లేదు. దాంతోపాటు ఆ విద్యకీ పరువు తక్కువన్న ముద్ర పడింది. ఇళ్ళల్లో గజ్జెలు అటకెక్కాయి. 1970ల మొదట్లో నటరాజ రామకృష్ణ గారు ఊరూరా తిరిగి ఆ ముసలమ్మల్ని బతిమాలి బయటికి తెచ్చారు. సరిదె మాణిక్యమ్మ గారి లాంటి వాళ్ళ విద్య అలా నలుగురికీ తెలిసింది. బల్లిపాడులో మదనగోపాలస్వామి ఆలయానికి చెందిన మద్దుల లక్ష్మీనారాయణ గారి దగ్గర స్వప్నసుందరి కూర్చుని నేర్చుకున్నారు. పేరు చూసి మగవారనుకునేరు, ఆవిడ ఆడమనిషే!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా తరానికి ఈ కుర్చీ ఊరికే దొరికింది. ఎవరో పోగొట్టుకున్నది, ఎవరో పోరాడి తెచ్చుకున్నది. ఆడది టీచరైతే చాలు, పిల్లలు క్షేమం అని మనం అనేసుకుంటాం. కేరళలో రంగు గురించి అంతమాట అన్నది ఆడ గురువే కదా! చెన్నైలో పిల్లలు ముందే నోరు విప్పినా నమ్మనివాళ్ళలో ఆడవాళ్ళు లేరా? కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది కాదు, కూర్చున్నాక ఏం చేస్తున్నారన్నదే చూడాలి.

కుడి ఎడమల తిరకాసు

డాన్స్ టీచర్ పని మిగతా టీచర్ల పని లాంటిది కాదు. లెక్కల టీచర్ బోర్డు మీద రాసి చూపిస్తుంది. మాకు బోర్డు మా ఒళ్ళే. అందులోనూ ఒక తిరకాసుంది. పిల్లలకి ఎదురుగా నిలబడి నేను కుడికాలు కొడితే, నన్ను చూస్తున్న ఆరేళ్ళ పిల్ల ఎడమకాలు కొడుతుంది. అద్దంలో చూసినట్టన్న మాట. కాబట్టి పిల్లలు కుడి కొట్టాలంటే నేను ఎడమ కొట్టాలి. చెయ్యి కూడా అంతే, చూపు కూడా అంతే. ముప్ఫై ఏళ్ళుగా కుడితో మొదలుపెట్టిన ఒళ్ళు ఎడమతో మొదలుపెట్టమంటే మొరాయిస్తుంది. వీపు చూపించి నిలబడితే ఈ గొడవ లేదు. కానీ వెనకాల ఎవరి మోకాలు లోపలికి తిరిగిందో, ఎవరు ఏడుపు మొహం పెట్టారో కనిపించదు.

అడవులన్నీ ఎడమతో చెయ్యడం ఇంట్లో ఆర్నెల్లు సాధన చేశాను. కుక్కర్ మూడు విజిళ్ళు వచ్చేలోపు ఒక జతి. మా అత్తయ్య గారు రెండు రోజులు చూసి, 'ఏమ్మా, వచ్చింది కూడా మర్చిపోతున్నావా?' అన్నారు పాపం. ఆన్‌లైన్‌లో అమెరికా పిల్లలకి చెప్పేవాళ్ళకి ఇంకో చిక్కు. ఫోన్ తెరలో మనకి మనం అద్దంలోలా కనిపిస్తాం. అవతలి పిల్లకి మాత్రం అసలు రూపంలోనే కనిపిస్తాం. తెలియక కొన్నాళ్ళు కుడి ఎడమలు కలిపేసి బాధపడ్డ స్నేహితురాళ్ళున్నారు నాకు.

పిల్లలు కాపీ కొట్టేది కాలొక్కటే అయితే బాగుండేది. నా భుజం వంగితే ఇరవై భుజాలు వంగుతాయి. నేను పాఠం మధ్యలో ఫోన్ చూస్తే, పాఠం మధ్యలో ఫోన్ చూడొచ్చన్నమాట. పది నిమిషాలు ఆలస్యంగా వెళితే మర్నాటి నుంచి సగంమంది పది నిమిషాలు ఆలస్యం. ఒకావిడ వేరే చోట మానిపించి తన పాపని మా టీచర్ గారి దగ్గర చేర్చింది. మానిపించిన కారణం నవ్వుతూ చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. ఆ పాప ఇంట్లో బొమ్మలన్నీ వరసగా నిలబెట్టి డాన్స్ టీచర్ ఆట ఆడుతుందట. తను కుర్చీలో కూర్చుంటుంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తాళం కర్ర. 'నీకు ఈ జన్మలో రాదే' అంటూ ఒక్కో బొమ్మ పిక్క మీద ఒక్కటి వేస్తుంది. ఆ పాపకి అక్కడ ఏడాదిన్నరలో వచ్చినవి నాలుగు అడవులు, ఈ ఆట.

కర్ర దెబ్బ తగలకుండా నాట్యం రాదనే పాతకాలపు మాట ఒకటుంది. మా మాస్టార్లు మమ్మల్ని కొట్టలేదా, మాకు రాలేదా అంటారు. వచ్చినవాళ్ళు చెప్తున్నారు సరే, ఆ దెబ్బలకి మానేసినవాళ్ళు చెప్పడానికి ఇక్కడ లేరు కదా! బడిలో పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టం చెప్తుంది. డాన్స్ క్లాసు బడి కాదు కాబట్టి అది మనకి వర్తించదులే అనుకునేవాళ్ళున్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. పిల్లలు ఎవరి అధీనంలో ఉన్నారో వాళ్ళు కొట్టినా హింసించినా అది నేరం. క్లాసు జరిగే ఆ గంటసేపు పిల్ల నా అధీనంలోనే ఉంటుంది. ఇందులో వేరే అర్థం తీయడానికేం లేదు.

నేలని గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఏ హాలు చూసినా గ్రానైటో టైల్సో. మెరుపుకి బాగుంటుంది, దాని మీద రోజూ గట్టిగా అడుగు వేస్తే మోకాళ్ళు, పిక్కలు పాడైపోతాయి. కొయ్య పలకలు వేయించే స్తోమత మనలో ఎంతమందికుంది? మందపాటి చాపలు వేయించి, ముందు పది నిమిషాలు ఒళ్ళు వెచ్చబడేలా కసరత్తు చేయిస్తే కొంత నయం. ఆ పది నిమిషాలు టీచర్ కూడా చేస్తేనే పిల్లలు చేస్తారు. కుర్చీలో కూర్చుని 'ఊఁ... వంగండి' అంటే వాళ్ళు వంగరు, వంగినట్టు చేస్తారు.

తలుపు తీసే ఉంచాలి

చెన్నై గొడవ అప్పుడు మా వాళ్ళల్లో ఎక్కువమంది అన్నమాట: 'పెద్ద సంస్థలు, హాస్టళ్ళు, మగ అధ్యాపకులు... మన చిన్న క్లాసుల్లో అవన్నీ ఎందుకుంటాయి?' నాకైతే చిన్న క్లాసులే ఎక్కువ భయం. పెద్ద సంస్థలో కనీసం వందమంది పిల్లలు కలిసి కూర్చుని అరవగలిగారు. ఇరవైమంది ఉన్న క్లాసులో ఒక్క పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? గురువు దేవుడితో సమానమని మనమే రోజూ దండం పెట్టిస్తాం. భూమికి, గురువుకి నమస్కారం పెట్టాకే పాఠం మొదలు. ఆ దండం పెట్టిన చేతులతోనే టీచర్ మీద ఫిర్యాదు రాయడం పెద్దవాళ్ళకే కష్టం, పిల్లలకి ఎంత కష్టమో ఆలోచించండి.

మా విద్యలో ముట్టుకోకుండా కుదరదంటారు. అరమండిలో నడుం వంగిపోతే వెనక నుంచి నిలబెట్టాలి, మోచెయ్యి జారితే ఎత్తాలి. నిజమే. కానీ మూడేళ్ళ అనుభవంతో చెప్తున్నా, పదింట ఎనిమిది దిద్దుళ్ళు ముట్టుకోకుండానే అవుతాయి. నా మోచెయ్యి కావాలని జార్చి చూపించి, మళ్ళీ ఎత్తి చూపిస్తే పిల్లే తనది సరిచేసుకుంటుంది. గోడకి ఒక నిలువుటద్దం ఉంటే ఇంకా తేలిక. మిగతా రెండింటికీ 'చెయ్యి పట్టుకోనా?' అని అడిగి పట్టుకుంటాను. మొదట్లో పిల్లలు వింతగా చూశారు. టీచర్ అడగడమేమిటని! రెండు నెలలకి వాళ్ళే ఒకళ్ళ జడ ఒకళ్ళు సర్దేటప్పుడు 'ముట్టుకోనా?' అని అడుగుతున్నారు. ఈ మాట నేనెవరికీ పాఠంలా చెప్పలేదు.

తల్లులు బయట కూర్చుని చూస్తే పిల్లల ధ్యాస చెదిరిపోతుందని తలుపేసే టీచర్లున్నారు. ధ్యాస చెదిరే మాట వాస్తవమే. కానీ అది తలుపెయ్యడానికి కారణం కాకూడదు. నేను చూసుకున్న హాలుకి చెక్క తలుపు. దానికి మధ్యలో అద్దం పెట్టించాలని అడిగాను. మా టీచర్ గారు సమర్థించారు గానీ, ఇప్పటికే క్లాసు నడుపుతున్న నా స్నేహితురాలు మాత్రం తీసిపారేసింది. 'ఇన్ని రూల్సు నీకు నువ్వే పెట్టుకుంటే, అక్కడేదో జరిగే ప్రమాదముందని నువ్వే చెప్పినట్టు. పిల్లలెవరొస్తారే?' అంది. ఆమె మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. రోడ్డు మీద 'ప్రమాదకరమైన మలుపు' అని బోర్డు చూస్తే కొందరు ఆ దారే మానేస్తారు. కానీ మలుపు ఉన్నదే కదా!

చట్టం సంగతి తల్లులు కూడా తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, లైంగిక నేరం జరిగితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేర్పేచోట పనిచేసేవాళ్ళే చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. జరిగిందని తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. 'పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం' అనే పెద్దమనిషి కూడా చిక్కులో పడతాడన్న మాట. పిల్లలు తామే ఫోన్ చెయ్యాలంటే 1098 ఉంది. పెద్దవాళ్ళయిన విద్యార్థినులకి, సహాయకురాళ్ళకి 2013 నాటి పనిచోట వేధింపుల చట్టం ఉంది. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట లోపలి కమిటీ ఉండదు కాబట్టి జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చెయ్యాలి. ఈ 1098 నంబరు, నా ఫోన్ నంబరు పక్కపక్కన గోడ మీద రాయిస్తున్నాను. నా మీద ఫిర్యాదు చెయ్యాల్సి వచ్చినా ఎవరిని అడగాలో పిల్లకి తెలియాలి కదా.

ముందు వరసలో ఎవరు?

వేధింపంటే అందరికీ కోపం వస్తుంది. ముందు వరస సంగతి మాత్రం ఎవరికీ తప్పుగా తోచదు. వార్షికోత్సవం వచ్చిందంటే తెల్లగా, సన్నగా ఉన్న నలుగురు ముందు. మిగతావాళ్ళు వెనక. అడిగితే 'స్టేజీ మీద నిండుగా ఉంటుంది' అంటారు. చక్కగా ఆడే పిల్ల నల్లగా ఉందని మూడో వరసలో పెట్టి, తెల్లపిల్లకి ఒళ్ళంతా నీలం పూసి కృష్ణుణ్ణి చేస్తాం. నల్లనయ్య వేషానికి తెల్లపిల్ల! ఇందులో ఉన్న హాస్యం మనకెప్పుడూ కనిపించదు. కేరళలో ఆ గురువు నోరు జారి బయటికి అన్నారు. మనం పదేళ్ళ పిల్లల్ని వరసలో నిలబెట్టే తీరుతో ఏటా అదే చెప్తున్నాం. నా క్లాసులో వరసలు ప్రతి పాటకీ మారతాయి. ముందున్నవాళ్ళు వెనక్కి, వెనకున్నవాళ్ళు ముందుకి. తల్లుల దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయని తెలుసు. రానివ్వండి.

లావుగా ఉన్న పిల్లల సంగతీ అంతే. 'నీ వల్ల స్టేజీ విరుగుతుందే' అనే వేళాకోళం మన క్లాసుల్లో ఎంత మామూలో మీకు తెలుసు. కళాక్షేత్రం పిల్లల ఫిర్యాదుల్లో ఒంటి తీరు మీద మాటలు కూడా ఉన్నాయని గుర్తు పెట్టుకోండి. మగపిల్లలైతే ఇంకో రకం. కూచిపూడి పుట్టిందే మగవాళ్ళ చేతుల్లో, అయినా ఇవాళ పదేళ్ళ కుర్రాడు చేరతానంటే వాళ్ళ నాన్న నవ్వుతాడు. మా దగ్గర ఇద్దరున్నారు. ఒకడు బడిలో ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

టీవీ పోటీలొచ్చాక ఇంకో తలనొప్పి. చిన్నపిల్లల చేత పెద్దవాళ్ళ పాటలకి, పెద్దవాళ్ళ కదలికలు చేయించడం. దీని మీద 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేటు చానళ్ళకి సూచన కూడా ఇచ్చింది. అది చానళ్ళకి, మన స్కూలు వార్షికోత్సవానికి కాదు. కిందటేడు ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు మూడో తరగతి పిల్లలకి నేర్పమని నన్ను పిలిచారు. పాట పేరు చెప్పారు. ఆ పాటలో నడుం తప్ప ఏమీ లేదు. కోలాటం చేయిస్తానన్నాను. 'పేరెంట్స్ కి బోర్ కొడుతుంది మేడమ్' అన్నారు. నేను రానన్నాను. వేరే వాళ్ళు వెళ్ళి చేయించారు, వీడియో ఊరంతా తిరిగింది. ఒక టీచర్ కాదంటే ఆ పని ఆగదు, నిజమే. నా దగ్గరున్న ఇరవైరెండుమంది పిల్లలకి మాత్రం నేనెందుకు వెళ్ళలేదో తెలుసు. వాళ్ళలో ఆ స్కూలు పిల్లలు ముగ్గురున్నారు.

డబ్బు లెక్క

ఇంక కొచ్చి. రికార్డుల మోజు మనకి కొత్త కాదు. ఇంతకు ముందు హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో వేలమంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ కెక్కారు. ఆ సంఖ్య చూసి నాకూ ఒళ్ళు పులకరించింది, కాదనను. అంతమంది మధ్య నిలబడి ఆడిన పిల్ల దాన్ని జన్మంతా చెప్పుకుంటుంది. వచ్చిన చిక్కల్లా డబ్బు టీచర్ చేతుల మీదుగా వెళ్ళేటప్పుడు. తల్లి టీచర్ ముఖం చూసి ఇస్తుంది, నిర్వాహకుల్ని చూసి కాదు. ఆ చీర ధర ఎంతో, మిగిలింది ఎటు పోయిందో టీచర్ అడగకపోతే తల్లి ఎలా అడుగుతుంది?

రోజువారీ లెక్కా అలాంటిదే. మా ఊళ్ళో నెల ఫీజు వెయ్యి రూపాయల చుట్టూ ఉంటుంది. హాలు అద్దె, కరెంటు పోతే నాలాంటివాళ్ళకి మిగిలేది బ్యాంకు జీతంలో మూడో వంతు కూడా కాదు. అందుకే చాలామంది టీచర్లు దుస్తుల మీద, నగల మీద, మేకప్ మీద, ప్రదర్శనకి ఇంతని వసూలు మీద బతుకుతారు. అందులో తప్పేం లేదు, బతకాలి కదా. చాటుగా చెయ్యడంలోనే ఉంది తంటా అంతా. రంగప్రవేశం దగ్గరికి వచ్చేసరికి అది లక్షల్లోకి వెళ్ళిపోతుంది. వాద్యగాళ్ళు, హాలు, పట్టుచీరలు, భోజనాలు, టీచర్ గారికి దక్షిణ. అప్పు చేసి రంగప్రవేశం చేయించిన గుమాస్తా కుటుంబాలు నాకు తెలుసు. ఆ పిల్లల్లో చాలామంది ఆ మర్నాటి నుంచి గజ్జె ముట్టుకోలేదు. పెళ్ళిలాగా ఒక కార్యం అయిపోయింది, అంతే.

నా దగ్గర ఫీజుకి రసీదు ఉంటుంది. దుస్తులు ఎక్కడ కుట్టించానో బిల్లు గోడకి అంటిస్తాను, నేను తీసుకునేది విడిగా రాస్తాను. మొదటి రంగప్రవేశం గుడి మండపంలో, ఉన్న దుస్తులతో. ఇది విని మా ఆయన, 'ఇంక నువ్వు బ్యాంకు ఉద్యోగం మానకు' అన్నారు. మానడం లేదు కూడా. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకానే క్లాసు.

ఆదివారం పొద్దున మాత్రం నాకు పాఠం ఉంటుంది. అవును, మా టీచర్ గారి దగ్గరే, ఇప్పటికీ. శోభానాయుడు గారు 2020 అక్టోబరులో పోయేవరకూ హైదరాబాద్‌లో నాలుగు దశాబ్దాలు పాఠం చెప్పారు, తనూ ఆడారు. ఆవిడ పద్మావతిగా, సత్యభామగా ఆడుతుంటే పక్కన నిలబడి చూసిన శిష్యురాళ్ళకి విడిగా ఎవరైనా ఏం చెప్పాలి? మేమంతటివాళ్ళం కాదు. కానీ మేం నేర్చుకోవడం మానేశామో లేదో పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. గత నెల ఒక కొత్త తరంగం పాఠంలో పళ్ళెం మీద నిలబడి రెండుసార్లు జారాను. చిన్నబ్యాచి పిల్లలు కిటికీలోంచి చూసి కిలకిలా నవ్వారు. మా టీచర్ గారు వాళ్ళని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నా చేత మళ్ళీ చేయించారు. మూడోసారి కుదిరింది. ఆ వారం పిల్లలెవ్వరూ 'నాకు రావట్లేదు టీచర్' అనలేదు.

విజయదశమికి ఇంకా టైముంది. ఇప్పటికి పదకొండుమంది పేర్లిచ్చారు, అందులో ఒకడు మగపిల్లాడు. చాపలు వచ్చాయి. నిలువుటద్దం బేరం తెగలేదు. హాలు యజమాని గారు తలుపుకి అద్దం పెట్టించుకోవడానికి ఒప్పుకున్నారు, ఖర్చు మాత్రం నాదేనన్నారు.